ఫామ్ పోయిన ఆటగాణ్ణి ఎన్ని టెస్టులు మోయాలి? (రగ్బీ)

కావలి_చిన్నోడు:
నేను వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉద్యోగం చేస్తున్నా. ఈ ఊళ్లో ఉండి రగ్బీ తప్పించుకోవడం కుదరదు. స్టేడియం ఊరి నడిబొడ్డున ఉంది, మ్యాచ్ రోజున రోడ్లు మూసేస్తారు, ఇంక చేసేదేముంది, మనం కూడా ఎక్కడో ఒకచోట కూర్చుని చూడటమే. చూసినవన్నీ ఓటములే. 2023 ప్రపంచ కప్పులో అక్టోబరు 7న జార్జియా మీద గెలిచాక వేల్స్ మళ్లీ ఓ టెస్టు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్) గెలిచింది 2025 జూలై 12న, కోబెలో జపాన్ మీద, 31-22. ఈ మధ్యలో వరుసగా 18 ఓటములు. 2025 మార్చిలో ఇంగ్లండ్ వాళ్లు ఇక్కడికే వచ్చి 68-14తో ఉతికి పోయారు.

నా బాధ ఓటమి కాదు. ఆ 18లో కొన్ని పేర్లు వారం వారం అవే. పాస్ చేతిలోంచి జారవిడిచేవాడు మళ్లీ కనిపిస్తాడు, టాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) వదిలేసేవాడు మళ్లీ కనిపిస్తాడు. ఎవరికైనా 6 టెస్టులు ఇవ్వాలి, అప్పటికీ కుదురుకోకపోతే ఇంటికి పంపాలి అని నా లెక్క. మీరేమంటారు? సెలెక్టర్లు ఎంతవరకు ఓపిక పట్టాలి?

ఒంగోలు_శీను:
6 కూడా ఎక్కువే. 4 చాలు. మన క్రికెట్లో కరుణ్ నాయర్‌ని చూడు, 2016లో చెన్నైలో 303 నాటౌట్ కొట్టిన మనిషి, ఎనిమిదేళ్ల తర్వాత 2025లో ఇంగ్లండ్ తీసుకెళ్లారు, 4 టెస్టులు, 8 ఇన్నింగ్స్, ఒక్క ఫిఫ్టీ. అయిపోయింది, తర్వాత వెస్టిండీస్ సిరీస్‌కి పేరు లేదు. బాధగానే ఉంటుంది, కానీ దేశం జెర్సీ అంటే ధర్మసత్రం కాదు కదా.

మా వైపు బండలాగుడు పోటీలు చూసినోళ్లకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ఎంత పేరున్న గిత్తయినా బండ కదలకపోతే మరుసటి పందేనికి కాడి కింద ఇంకోటి ఉంటుంది. ముద్దు చేస్తే ఇంటి దగ్గర చేసుకోవాలి.

పెన్నా_గట్టు:
శీనన్నా, గిత్తకి మరుసటి పందేనికి ఇంకో గిత్త ఉంది కాబట్టి మార్చావు. వేల్స్‌కి యాడ ఉంది? చిన్నోడు చెప్పని సంగతి ఒకటుంది. ఆ దేశం బయట క్లబ్బులకి ఆడేవాళ్లని తీసుకోవాలంటే అప్పటికే 25 టెస్టులు ఆడి ఉండాలని వాళ్ల బోర్డు రూలు (ఇదివరకు 60 ఉండేది, తగ్గించారు). అలన్ విన్ జోన్స్, టిపురిక్ ఇద్దరూ 2023 ప్రపంచ కప్పు ముందే రిటైరయ్యారు. బిగ్గర్, హాఫ్‌పెన్నీ ఆ కప్పుతో ఆపేశారు. జార్జ్ నార్త్ 2024లో. రీస్ జామిట్ 2024 జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతానని వెళ్లిపోయాడు. ఇంతమంది ఒక్కసారి పోతే మిగిలిన పిల్లకాయల్ని 4 టెస్టులకొకసారి మారుస్తా కూర్చుంటే జట్టు అనేదే ఉండదు.

ఉదయగిరి_కొత్తోడు:
అన్నలూ నేను రగ్బీ చూసింది ఒక్కసారే, 2025 జూన్‌లో ముంబైలో ప్రీమియర్ లీగ్ పెట్టారు కదా, హైదరాబాద్ హీరోస్ ఉందని చూశా. దాంట్లో జట్టుకి ఏడుగురే. మీరు మాట్లాడేది 15 మంది ఆట అనుకుంటా. అందులో ఎవరు బాగా ఆడలేదో ఎట్టా తెలుస్తుంది? క్రికెట్ అయితే స్కోరు ఉంటుంది.

పీఈటీ_మాస్టారు_కందుకూరు:
మంచి ప్రశ్న నాయనా. ఈ చర్చకి అసలు మొదలు అక్కడుంది.

క్రికెట్లో డకౌట్ అయితే బోర్డు మీద సున్నా పడుతుంది, దాచడానికి లేదు. రగ్బీలో ముందు వరసలో ఉండే ప్రాప్ సంగతి చూడు. స్క్రమ్ అంటే రెండు జట్లూ ఎదురెదురుగా వంగి బంతి కోసం నెట్టుకోవడం, అందులో ఒక్కో పక్క ఎనిమిది మంది, బరువు దాదాపు 900 కిలోలు. కుడివైపు ప్రాప్‌ని టైట్‌హెడ్ అంటారు, అతని తల ఎదుటివాళ్లిద్దరి మధ్య ఇరుక్కుని ఉంటుంది, రెండు భుజాల మీదా నెట్టుడే. అతను వంగిపోతే మన కళ్లకి "ప్రాప్ తేలిపోయాడు" అని కనపడుతుంది. నిజానికి వెనక ఉన్న లాక్ సరిగా నెట్టకపోయినా, పక్కనున్న హుకర్ ఒక అంగుళం అటూ ఇటూ అయినా అతనే వంగుతాడు. తప్పు ఒకడిది, ఫోటోలో ముఖం ఇంకొకడిది.

డాన్ కోల్ అని ఇంగ్లండ్ ప్రాప్. 2019 ప్రపంచ కప్పు ఫైనల్లో మొదట దిగిన ప్రాప్ సింక్లర్‌కి తలకి దెబ్బ తగిలి మూడో నిమిషంలోనే బయటికి పోతే బెంచీ మీదున్న కోల్ దిగాడు. దాదాపు మ్యాచంతా అతనే మోయాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికా వాళ్లు స్క్రమ్‌లో నలిపి పిండి చేశారు, పెనాల్టీ (తప్పుకి ఎదుటి జట్టుకిచ్చే కిక్) మీద పెనాల్టీ, 32-12తో పోయింది. ఆ తర్వాత మూడేళ్లకి పైగా అతణ్ణి దేశం పిలవలేదు. అందరూ కథ ముగిసింది అనుకున్నారు. 2023లో బోర్త్‌విక్ కోచ్ అయ్యాక మళ్లీ పిలిచాడు. ఆ ఏడాది సెమీఫైనల్లో, అదే దక్షిణాఫ్రికా మీద, 36 ఏళ్ల వయసులో కోల్ మొదటి నుంచి ఆడాడు, స్క్రమ్ నిలబడింది. అతను బయటికి వచ్చి సింక్లర్ దిగాక ఆక్స్ న్చే అనే ప్రాప్ ఎదురొచ్చాడు, ఆఖర్లో స్క్రమ్‌లో పెనాల్టీ ఇచ్చుకున్నారు, మ్యాచ్ 16-15తో పోయింది. 2019లో కోల్‌ని చూసి తీర్పు చెప్పినవాళ్లు 2023లో ఏం చెప్పాలి?

ఒంగోలు_శీను:
మాస్టారూ, మీరు చెప్పిన కథ నా వైపే ఉంది. ఇంగ్లండ్ అతణ్ణి మోయలేదు, తీసేసింది. తీసేసింది కాబట్టే క్లబ్బుకి పోయి, సరిచేసుకుని, తిరిగొచ్చాడు. 2020 నుంచి 2022 దాకా పట్టుకు వేలాడి ఉంటే 2023 కోల్ ఉండేవాడా?

పీఈటీ_మాస్టారు_కందుకూరు:
ఆ మాట కాదనను శీనూ. నేననేది ఆ ఒక్క మ్యాచ్ చూసి తీర్పు చెప్పడం గురించి. తీసేయడం వేరు, తలుపు గడియ పెట్టేయడం వేరు. మన దగ్గర ఎక్కువగా జరిగేది రెండోది. జిల్లా జట్టు సెలెక్షన్లలో ఎన్నోసార్లు చూశాను, ఒక మ్యాచ్‌లో చెడగొట్టిన పిల్లవాడి పేరు పక్కన ఎవరో గీత గీస్తారు, మరుసటి ఏడాది ఆ కాగితమే తీస్తారు. ఆ పిల్లవాడు ఈ ఏడాదిలో ఏం చేశాడు, ఎంత ఎదిగాడు అని ఎవరూ వెళ్లి చూడరు.

ఆక్లాండ్_రమణ:
మాస్టారు తలుపు గడియ అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. మా ఊరు గూడూరు, ఇక్కడ న్యూజిలాండ్‌లో ఉంటున్నా, ఈ కథ ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు.

స్టీఫెన్ డొనాల్డ్. డాన్ కార్టర్ వెనక రిజర్వు 10వ నంబరు (ఆట నడిపించి, కిక్కులు కొట్టే స్థానం). 2010 అక్టోబరులో హాంకాంగ్‌లో ఆస్ట్రేలియా మీద మ్యాచ్, చివర్లో దిగాడు, ఒక పెనాల్టీ పోగొట్టాడు, ఆఖర్న బంతిని టచ్‌లోకి (పక్క గీత బయటికి) కొట్టాల్సింది కొట్టలేకపోయాడు, అటునుంచి ఆస్ట్రేలియా వాళ్లు వచ్చి ట్రై వేసి (బంతిని గీత అవతల నేలకి ఆనించి), దాని వెంట వచ్చే కన్వర్షన్ కిక్ కొట్టి 26-24తో గెలిచారు. దేశమంతా అతని మీద పడింది. తర్వాతి ప్రపంచ కప్పుకి ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) ఎంపికలో అతని పేరే లేదు. 2011లో ప్రపంచ కప్పు సొంత గడ్డ మీద. కార్టర్‌కి గజ్జల్లో గాయం, జట్టుకి దూరమయ్యాడు. అతని బదులు ఆడిన కోలిన్ స్లేడ్ క్వార్టర్ ఫైనల్లో గాయపడ్డాడు. అప్పుడు డొనాల్డ్‌కి ఫోన్ చేస్తే అతను వైకాటో నదిలో వైట్‌బెయిట్ అనే చిన్న చేపలు పట్టుకుంటున్నాడు. ఫైనల్లో మూడో 10వ నంబరు ఏరన్ క్రూడెన్ మోకాలు పట్టేసింది, మొదటి సగంలోనే డొనాల్డ్ దిగాడు. జెర్సీ పొట్ట మీద ఎక్కి కూర్చుంది, సైజు అతనిది కాదు. ఆ రోజు జట్టు కిక్కర్ పిరి వీపూ కిక్కులన్నీ పోగొడుతున్నాడు, కాబట్టి పెనాల్టీ డొనాల్డ్ చేతికొచ్చింది. కొట్టాడు. న్యూజిలాండ్ 8, ఫ్రాన్స్ 7. 24 ఏళ్ల తర్వాత కప్పు.

నలుగురిలో నాలుగోవాడు. తీసేసినవాణ్ణి పూర్తిగా మర్చిపోయి ఉంటే ఆ రోజు ఎవరిని పిలిచేవాళ్లు?

పెన్నా_గట్టు:
అబ్బా రమణన్నా, ఇది వినడానికి భలే ఉంది గానీ దీని మీద పాలసీ చేయలేం. ఒకడికి అదృష్టం కలిసొచ్చింది. అట్టాంటి వాళ్లు వందమంది ఇంకా ఏట్లో చేపలు పట్టుకుంటానే ఉంటారు.

కావలి_చిన్నోడు:
😂😂 పెన్నా అన్న మాటకి ఆఫీసులో నవ్వాపుకోలేకపోయా.

సీరియస్‌గా ఒక విషయం. రగ్బీలో చాలా దేశాల్లో జట్టుని ఎంచేది హెడ్ కోచే. క్రికెట్లో మాదిరి సెలెక్టర్ల కమిటీ వేరు, కోచ్ వేరు కాదు. నేర్పేవాడూ అతనే, ఎంచేవాడూ అతనే. నాకు ఇది పెద్ద చిక్కుగా కనిపిస్తుంది. ఒక కుర్రాణ్ణి తనే తెచ్చి, తనే పొగిడి, 5 మ్యాచ్‌ల తర్వాత తీసేయాలంటే తన తీర్పే తప్పని ప్రెస్ ముందు చెప్పినట్టవుతుంది. అందుకే మోస్తారు.

ఇక్కడ జరిగింది చూడండి. 2025 ఫిబ్రవరిలో ఇటలీ చేతిలో 22-15తో ఓడాక వేల్స్ కోచ్ గాట్లండ్ తప్పుకున్నాడు. షెరట్ తాత్కాలికంగా వచ్చాడు. వచ్చిన వారానికే అన్‌స్కోంబ్, జారడ్ ఎవాన్స్, మాక్స్ లెవెలిన్ లాంటి పక్కన పెట్టినవాళ్లని వెనక్కి పిలిచాడు. ఐర్లండ్ మీద హాఫ్ టైముకి ఆధిక్యంలో ఉన్నారు, చివరికి 27-18తో ఓడినా ఆట తీరు వేరు. అదే దేశం, అక్కడున్న ఆటగాళ్లే, ఎంచే కన్ను మారింది.

ఒంగోలు_శీను:
తర్వాత నెలలోనే కదా ఇంగ్లండ్ 68 కొట్టింది. ఎంచే కన్నుకి పొర వచ్చిందా?

కావలి_చిన్నోడు:
అది నిజమే లే. ఆ మ్యాచ్ మొత్తం చూసినవాణ్ణి, గుర్తు చేయమాక.

సింగరాయకొండ_లక్ష్మి:
నేను కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడాను, రైడర్‌ని. మీరందరూ ఎన్ని మ్యాచ్‌లు ఎన్ని మ్యాచ్‌లు అంటున్నారు గానీ ఆడేవాడి వైపు నుంచి ఎవరూ మాట్లాడట్లేదు. "ఈ మ్యాచ్ పోతే నువ్వు ఔట్" అని తెలిసి కోర్టులోకి వెళ్లేవాళ్లు రైడ్ చేయరు, బోనస్ గీత తొక్కి వెనక్కి వస్తారు. ప్రమాదం లేని ఆట ఆడతారు. బయటివాళ్లకి "బాగానే ఆడింది" అనిపిస్తుంది, జట్టుకి పాయింటు రాదు. 4 టెస్టుల లెక్క పెడితే శీను గారూ, మీకు దొరికేది ఆ రకం ఆటగాళ్లే.

10వ నంబరు వాళ్లకి ఇంకా ఎక్కువ. అందరి చూపూ వాళ్ల మీదే, స్టేడియం అంతా ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు పెనాల్టీ కిక్ కొట్టడానికి 60 సెకన్లు. ఒవెన్ ఫారెల్ అప్పట్లో ఇంగ్లండ్ కెప్టెన్, 10వ నంబరు, పేరు చదివితేనే సొంత అభిమానులు గోల చేసేవారు. 2023 ప్రపంచ కప్పులో సెమీస్ దాకా తెచ్చి, ఆ నవంబరులో తన, తన కుటుంబం మానసిక ఆరోగ్యం కోసం దేశం జట్టు నుంచి విరామం తీసుకుంటున్నానని చెప్పేశాడు. అతను ఫామ్‌లో లేడని కాదు, టెన్షన్ మోయలేక. సెలెక్టర్ల ఓపిక గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా చూడాలి.

ఆక్లాండ్_రమణ:
లక్ష్మి గారి మాటకి లిబోక్ సరిగ్గా సరిపోతాడు. దక్షిణాఫ్రికా 10వ నంబరు మానీ లిబోక్. పాస్, రన్, అడ్డంగా కొట్టే కిక్ అద్భుతం. 2023 ప్రపంచ కప్పులో స్కాట్లండ్ మీద ఎటు కొడుతున్నాడో ఆ వైపు చూడకుండానే బంతిని తోటి ఆటగాడు ఆరెన్‌జ్ చేతికి పంపాడు, వీడియో వెతుక్కుని చూడండి. కానీ గోలు కిక్కులు దారుణం. ఐర్లండ్ మీద 13-8తో ఓడింది కిక్కులు పోవడం వల్లే. అప్పుడు వాళ్లు చేసిన పని చూడండి. హుకర్ మాల్కమ్ మార్క్స్ గాయపడితే అతని బదులు ఇంకో హుకర్‌ని పిలవకుండా కిక్కర్ పొలార్డ్‌ని పిలిచారు! జట్టులో అసలు సిసలు హుకర్ ఒక్కడే మిగిలాడు. ఫైనల్లో ఆ ఒక్కడూ, ఎంబొనాంబి, మొదట్లోనే మోకాలు పట్టుకుని వెళ్లిపోతే 37 ఏళ్ల ఫ్లాంకర్ ఫూరీ ఆ స్థానంలో దాదాపు మ్యాచంతా ఆడాడు. లైనౌట్లు (బయటికి పోయిన బంతిని హుకర్ లోపలికి విసిరేవి) గజిబిజి అయ్యాయి కూడా.

సెమీస్‌లో లిబోక్‌నే మొదటి నుంచి దింపారు, 31వ నిమిషంలో తీసేశారు. అరగంట! పొలార్డ్ వచ్చి ఆఖరి నిమిషాల్లో దాదాపు 50 మీటర్ల నుంచి కొట్టి 16-15 చేశాడు. ఫైనల్లో 12 పాయింట్లూ అతనివే, 12-11. ఇంతా జరిగాక లిబోక్‌ని వదిలేశారా? లేదు. 2024లో అర్జెంటీనాలో ఆఖర్లో పెనాల్టీ పోగొట్టాడు, 29-28తో ఓడారు. అప్పుడూ వదల్లేదు. 2025లో కూడా జట్టుతోనే ఉన్నాడు. అతని చేత కిక్కులు కొట్టించాల్సిన అవసరం లేకుండా పక్కన ఇంకొకణ్ణి పెట్టుకుని, అతనిలో ఉన్న మిగతాది వాడుకుంటున్నారు. రెండు కప్పులు వరసగా గెలిచిన జట్టు వాళ్లది, ఊరికే జాలిపడి మోసే రకం కాదు.

పెన్నా_గట్టు:
ఇది ఒప్పుకుంటా. దీనికి పూర్తి ఎదురు కథ ఆస్ట్రేలియాది, అదే 2023లో. ఎడ్డీ జోన్స్ కోచ్‌గా వచ్చి సీనియర్లు క్వేడ్ కూపర్, మైకేల్ హూపర్ ఇద్దర్నీ ప్రపంచ కప్పు జట్టులోంచి పీకేశాడు. 10వ నంబరుకి కార్టర్ గోర్డన్ అని 22 ఏళ్ల కుర్రాడు, పక్కన సలహా చెప్పే పెద్దవాడు లేడు. ఫిజీ మీద ఓడారు, 22-15, ఫిజీ వాళ్ల చేతిలో ఓడటం 1954 తర్వాత అదే. ఆ మ్యాచ్‌లో రెండో సగంలో కుర్రాణ్ణి తీసేశారు, మరుసటి మ్యాచ్‌కి బెంచీ. ఆ మరుసటి మ్యాచ్‌లో 40-6తో చితక్కొట్టింది ఎవరనుకుంటున్నారు? చిన్నోడి వేల్స్! అదే వేల్స్ ఆ తర్వాత 18 ఓడింది, చూడు విచిత్రం. ఆస్ట్రేలియా మొదటిసారి గ్రూపు దశలోనే ఇంటికి పోయింది.

పెద్దవాళ్లని మోయనంటాడు, చిన్నవాణ్ణి ఒంటరిగా వదిలేస్తాడు, వాడు తడబడితే వాణ్ణీ తీసేస్తాడు. శీనన్నా ఇది నీ సిద్ధాంతమే కదా, కొంచెం ఫాస్టుగా.

ఒంగోలు_శీను:
నా సిద్ధాంతంలో బెంచీ మీద అనుభవం ఉన్నవాడు ఉండాలి. జోన్స్ అది చేయలేదు. నన్ను వాడితో కలపమాకండి.

మీరంతా మోసి గెలిచిన కథలే చెబుతున్నారు. మోసి నాశనమైనవి ఎన్ని? మన ఆంధ్రా కుర్రాడు, వైజాగ్ కె.ఎస్. భరత్, నాకు ఇష్టమైన కీపర్, చెయ్యి బంగారం. 7 టెస్టులు ఇచ్చారు, అత్యధికం 44. 2024లో వైజాగ్ టెస్టు తర్వాత రాజ్‌కోట్‌లో జురెల్‌కి ఇచ్చారు, ఆ పిల్లోడు రాంచీలో మ్యాచ్ నిలబెట్టాడు. ఇంకో నాలుగు టెస్టులు భరత్‌ని మోసి ఉంటే జురెల్ బయటపడేవాడా? మన వాడని చెప్పి నేను కళ్లు మూసుకోను. ఇంకొకడి అవకాశం ఎప్పుడూ ఎవరో ఒకరి చోటే ఉంటుంది.

సింగరాయకొండ_లక్ష్మి:
ఇది మాత్రం గట్టి మాట. అయినా మార్వన్ అటపట్టుని కూడా గుర్తు చేసుకోండి. మొదటి 3 టెస్టులు, 6 ఇన్నింగ్స్, మొత్తం పరుగు ఒకటి. ఒక్కటి! అది కూడా 1990 నుంచి 1994 దాకా సాగదీసి, మధ్యలో తీసేస్తా, మళ్లీ పిలుస్తా. చివరికి 90 టెస్టులు, 5,502 పరుగులు, 6 డబుల్ సెంచరీలు. శ్రీలంక వాళ్లు వరసగా మోయలేదు, అలాగని మర్చిపోనూ లేదు. దేశవాళీలో కొడుతుంటే మళ్లీ మళ్లీ పిలిచారు. 4 టెస్టుల రూలు ఉంటే నాలుగోదానితోనే అతని కథ ముగిసేది.

ఉదయగిరి_కొత్తోడు:
6 ఇన్నింగ్స్‌లో 1 పరుగా 😳 మా ఊరి జట్టులో అయితే నీళ్లు మోయడానికి కూడా పిలవరు.

పీఈటీ_మాస్టారు_కందుకూరు:
నేను పాతికేళ్లు పిల్లల్ని ఆడించినవాణ్ణి, ఒక్క మాట చెప్పి ఊరుకుంటా. ఎన్ని మ్యాచ్‌లు అన్నది స్థానాన్ని బట్టి. వింగ్ మీద (మైదానం పక్క అంచున) పరిగెత్తే కుర్రాడు 21కే తయారవుతాడు, రెండు నెలల్లో తేలిపోతుంది. ప్రాప్‌కి మెడ, నడుము గట్టిపడి, ఎదుటివాడి జిత్తులు తెలిసేసరికి 27, 28 వస్తాయి. వాణ్ణి 23కి దింపి 4 టెస్టుల్లో తేల్చమంటే అన్యాయం. 10వ నంబరుకి పక్కన 9, 12 నంబర్లు మారకుండా ఉండాలి, ముగ్గురూ వారం వారం మారుతుంటే పాస్ ఎక్కడికి వస్తుందో దేవుడికి కూడా తెలీదు. ఇంకోటి, ఆడించేవాడు ఆ కుర్రాడితో ముందే కూర్చుని "ఈ సిరీస్ మొత్తం నీదే, ఓడినా నీదే, నీ నుంచి నాకు కావలసింది ఇదీ" అని చెప్పాలి. చెప్పకుండా మోస్తే వాడికి మోస్తున్నట్టు తెలియదు, చెప్పకుండా తీస్తే ఎందుకు తీశారో తెలియదు. నేను చూసిన పిల్లలు ఆట మానేసింది తీసేసినందుకు కాదు. బోర్డు మీద అంటించిన కాగితం చూసి తమ పేరు లేదని తెలుసుకున్నందుకు.

పెన్నా_గట్టు:
మాస్టారూ మీరు పుస్తకం రాయండి, నేను అచ్చేయిస్తా.

కావలి_చిన్నోడు:
మాస్టారు చెప్పిన దాని ప్రకారం నా 6 టెస్టుల లెక్క వింగర్లకి సరిపోతుంది, 10కి ఒక పూర్తి సిరీస్ ఇవ్వాలి. సరే. కానీ బయటి క్లబ్బుల రూలు ఉన్నంతకాలం వేల్స్‌కి ఎంచుకోవడానికే మనుషులు లేరని పెన్నా అన్న అన్నది ఇక్కడ అందరూ అనేదే. క్లబ్బులూ డబ్బుల్లేక ఏడుస్తున్నాయి, 2025లో కార్డిఫ్ క్లబ్బు దివాలా తీస్తే బోర్డే తీసుకుంది. కింద క్లబ్బులు అట్టా ఉంటే పైన కోచ్ ఎవరిని మోసినా, ఎవరిని దించినా ఒకటే అనిపిస్తుంది ఒక్కోసారి. ఇక్కడ మా టీమ్ లీడ్ వెల్ష్ ఆయనే, వాళ్ల నాన్న రోజుల్లో వేల్స్ ఎట్టా ఆడేదో చెప్తా ఉంటాడు, ఈ మధ్య అది కూడా మానేశాడు.

ఆక్లాండ్_రమణ:
మీ టీమ్ లీడ్‌కి డొనాల్డ్ కథ చెప్పు చిన్నోడా, కాస్త ఊరట.

ఒంగోలు_శీను:
అందరూ కలిసి నన్ను మూలకి నెట్టారు గానీ నా మాట మారదు, 4 టెస్టులు. మాస్టారి మొహం చూసి ప్రాప్‌లకి 8 ఇస్తా, పొండి. కిక్కర్లకి మాత్రం నాలుగే.